పదో తరగతి తర్వాత ఏ శిక్షణ? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు ఒక పోలిక

మెట్రిక్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వంటి చోట్ల ఉన్న తెలుగు ఇళ్లలో ఒకే రకమైన తర్జనభర్జన మొదలవుతుంది. కుర్రవాడికి పైచదువు మీద మనసు లేదు, లేదా మనసున్నా ఇంటికి స్తోమత లేదు. ఐటీఐలో చేర్చమని మాస్టారు చెబుతారు. మూడు నెలల ఉచిత కోర్సు ఉందని, భోజనం కూడా వాళ్లే పెడతారని ఎవరో కరపత్రం తెచ్చి ఇస్తారు. విశాఖపట్నంలో ఉన్న మేనమామ తనకు తెలిసిన కర్మాగారంలో పెట్టిస్తానని ఫోను చేస్తాడు. బ్యాంకు వాళ్ల శిక్షణ పూర్తి చేస్తే అప్పు వస్తుందని పక్కింటివారు అంటారు. ఇవన్నీ ఒకే వరుసలో నిలబెట్టి పోల్చవలసిన వస్తువులని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. నిజానికి ఒక్కొక్కటి ఒక్కో రకమైన మనిషిని దృష్టిలో పెట్టుకొని ఏర్పరచిన పథకం. పైగా దాదాపు అన్నింటికీ ‘ఉచితం’ అన్న మాట తగిలించి ఉంటుంది కనుక ఫీజును బట్టి పోల్చితే ఏదీ తేలదు. ఇంట్లో ఎన్ని నెలలు ఆదాయం లేకుండా గడుస్తుంది, చివర చేతికి వచ్చే కాగితం మీద ఎవరి ముద్ర ఉంటుంది అన్న రెండు ప్రశ్నలను ముందు వేసుకున్నవారికి మిగతా ఎంపిక చాలావరకు తేలిక అవుతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది నెలల లెక్క. తండ్రి కూలిపని చేసే ఇంట్లో పదహారేళ్ల కొడుకు రెండేళ్లు సంపాదించకపోవడమంటే చిన్న విషయం కాదు. ఈ లెక్కను సిగ్గుపడకుండా, కాగితం మీద రాసుకొని వేయాలి. రెండేళ్లు ఆగగల ఇల్లు వేరు, ఆరు నెలలే ఆగగల ఇల్లు వేరు, ఒక్క నెల కూడా ఆగలేని ఇల్లు వేరు. మూడింటికీ ఒకే సలహా ఇచ్చేవారిని నమ్మవద్దు.

రెండవది ముద్ర. సరిహద్దు జిల్లాలలో పుట్టినవారు ఒడిశాలో చదివి ఆంధ్రలో పని చేయడం, అక్కడ నేర్చుకొని ఇక్కడ దుకాణం పెట్టడం మామూలే. అటువంటప్పుడు ఒక్క రాష్ట్రంలోనే చెల్లే కాగితం కంటే దేశమంతటా చెల్లే కాగితానికి విలువ ఎక్కువ. ఐటీఐలలో ఎన్‌సీవీటీ పేరుతో వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్‌కు, ఎస్‌సీవీటీ పేరుతో రాష్ట్ర మండలి ఇచ్చే సర్టిఫికెట్‌కు ఉన్న తేడా ఇదే. చాలా నియామక ప్రకటనలలో రెండింటినీ అంగీకరిస్తారు గాని, కొన్నింటిలో మొదటిదాన్నే అడుగుతారు.

మూడవది భాష. ఒడిశాలోని ఐటీఐలో బోధన ఒడియాలో, సాంకేతిక పదాలు ఇంగ్లీషులో సాగుతాయి. ఒడియా మాధ్యమంలో చదివిన తెలుగు పిల్లలకు ఇది సమస్య కాదు. తెలుగు మాధ్యమ పాఠశాల నుంచి వచ్చినవారికి మొదటి మూడు నెలలు కష్టంగానే ఉంటుంది. అలాగని ఒడియా తప్పించుకోవడానికి ఆంధ్రకు వెళ్లడం ఎప్పుడూ లాభం కాదు. ఒడిశా రాష్ట్ర ప్రభుత్వ కొలువులకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలనీ, మధ్య పాఠశాల స్థాయిలో ఆ భాషలో ఉత్తీర్ణులై ఉండాలనీ నిబంధన ఉంది. ఇంట్లో అందరూ ఒడియా ధారాళంగా మాట్లాడినా కాగితం మీద ఆ ఉత్తీర్ణత లేక ఆగిపోయినవారు మన వాడల్లో కొందరైనా ఉంటారు.

నాలుగవది నివాసం, కులం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైననాటికే ఇక్కడ ఉన్న కుటుంబాలు కూడా, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నందువల్ల, రాష్ట్ర పథకాలు తమకు వర్తించవేమోనని వెనుకాడడం చూస్తుంటాం. ఆ సంకోచం అనవసరం. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రానికి మాతృభాషతో సంబంధం లేదు. కులం సంగతి మాత్రం అంత సూటిగా ఉండదు. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాలవారీగా ఏర్పడినవి. ఒకే పేరున్న కులం సరిహద్దుకు అటు ఒక జాబితాలో, ఇటు మరొక జాబితాలో ఉండవచ్చు, ఒకవైపు అసలు ఉండకపోవచ్చు. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వలస వచ్చినవారికి ఆ హోదా తనంతట తాను వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆంధ్రలో బీసీగా ఉన్నవారు ఒడిశాలోని ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల) జాబితాలో తమ కులం ఉన్నదీ లేనిదీ దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. రిజర్వేషను సీటు వస్తుందన్న లెక్కతో ఒక ఐటీఐ మీదే ఆశ పెట్టుకొని, ధ్రువపత్రాల పరిశీలన రోజున వెనక్కి తిరిగి రావడం కంటే ఇది మేలు.

చివరిది బయటి ఖర్చు. ఫీజు లేకపోయినా బస్సు, అద్దె గది, పనిబట్టలు, బూట్లు, పరీక్ష రుసుము ఉంటాయి. ఐటీఐలో చేరిన పిల్లవాడు మధ్యలో మానేశాడంటే నూటికి తొంభై సార్లు ఫీజు కారణం కాదు, రోజూ బస్సు ఛార్జీయే కారణమన్నది నా అంచనా.

ఒక్క చూపులో

| మార్గం | ఎవరికి | ఎంత కాలం | చేతికి వచ్చే డబ్బు | చివర వచ్చేది |
|---|---|---|---|---|
| ఐటీఐ | 14 ఏళ్లు నిండినవారు. ట్రేడును బట్టి 8 లేదా 10 ఉత్తీర్ణత | ఎక్కువ ట్రేడులకు 1 లేదా 2 ఏళ్లు | సాధారణంగా ఉండదు | జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ |
| అప్రెంటిస్‌షిప్ (సంస్థలో పనిచేస్తూ నేర్చుకోవడం) | 14 ఏళ్లు నిండినవారు. ప్రమాదకర పరిశ్రమల్లో 18 | 6 నెలల నుంచి 3 ఏళ్లు | నెలవారీ స్టైపెండు | అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ |
| డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) | గ్రామీణ పేద కుటుంబాల యువత, 15–35 ఏళ్లు | 3 నుంచి 12 నెలలు | వసతి, భోజనం. తర్వాత కొంత సాయం | కోర్సు సర్టిఫికెట్, ఉద్యోగం చూపించే బాధ్యత |
| పీఎంకేవీవై (ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన) | 15–45 ఏళ్లు | కొన్ని నెలలు | ఉండదు | కోర్సు సర్టిఫికెట్ |
| ఆర్‌సెటి (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) | 18 ఏళ్లు నిండిన గ్రామీణులు | కొద్ది రోజుల నుంచి ఆరు వారాలు | వసతి, భోజనం | సొంత పనికి బ్యాంకుతో అనుసంధానం |
| పీఎం విశ్వకర్మ | 18 రకాల చేతివృత్తులలో ఇప్పటికే ఉన్నవారు | 5–7 రోజులు | రోజుకు 500 రూపాయలు | పనిముట్లకు 15,000, తక్కువ వడ్డీ అప్పు |

పట్టికలో పక్కపక్కన కనిపించినంత మాత్రాన వీటిలో ఒకటి తీసుకుంటే మరొకటి వదులుకోవాలని కాదు. ఐటీఐ, ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ అన్నవి ఒకే దారిలో రెండు మజిలీలు.

ఐటీఐ

1950లో మొదలైన శిల్పకారుల శిక్షణ పథకం కిందనే నేటికీ ఐటీఐలు నడుస్తున్నాయి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులకు పదో తరగతి ఉత్తీర్ణత కావాలి, రెండేళ్లు పడుతుంది. వెల్డరుకు ఎనిమిదో తరగతి చాలు, ఏడాదిలో ముగుస్తుంది. కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు కూడా ఏడాదే. ఒడిశాలో ప్రవేశాలు ‘శామ్స్’ అనే రాష్ట్ర ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతాయి. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు చాలా తక్కువ. ప్రైవేటులో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఈ మార్గంలో అసలు బలం సర్టిఫికెట్ తర్వాత తెరుచుకునే తలుపులలో ఉంది. రెండేళ్ల ఐటీఐ ముగించినవారు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో నేరుగా చేరే వీలుంది. ఎనిమిదితో ఆగిపోయి ఐటీఐ చేసినవారు జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా భాషా పరీక్ష రాసి పదో తరగతికి సమానమైన అర్హత పొందే ఏర్పాటు ఉంది. రైల్వేలో అసిస్టెంట్ లోకోపైలట్ వంటి కొలువులకు పదో తరగతితోపాటు ఐటీఐ అడుగుతారు. మూడు నెలల కోర్సు సర్టిఫికెట్ ఈ తలుపులలో ఏ ఒక్కదానినీ తెరవలేదు. రెండేళ్లు ఆగగల ఇంటికి నేను మరో మాట చెప్పను, ఐటీఐ అనే చెబుతాను.

అయితే ఏ ఐటీఐ అన్నది ఏ ట్రేడు అన్నంత ముఖ్యం. బరంపురం ప్రభుత్వ ఐటీఐలో శిక్షణార్థులు పాత ఇనుప ముక్కలతో చేసిన శిల్పాల తోటను చూసినవారికి, వర్క్‌షాపు నిజంగా నడిచే చోటు ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఆ వైపు వెళ్లినప్పుడు పిల్లలను తీసుకువెళ్లి చూపించండి. కరపత్రం చెప్పనిది అది చెబుతుంది. దీనికి భిన్నంగా, లేతు యంత్రం మీద దుమ్ము పేరుకొని, వెల్డింగ్ గదిలో ఎలక్ట్రోడ్లే లేని ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. చేరే ముందు ఒక పనిదినాన ఉదయం పదకొండు గంటలకు చెప్పకుండా వెళ్లండి. సీనియరు శిక్షణార్థి ఎవరినైనా ఆపి, ఈ నెలలో చేసిన జాబులు, అంటే వర్క్‌షాపులో అభ్యాసంగా చేసిన వస్తువులు, చూపించమని అడగండి. ఫిట్టరు ట్రేడులో ఆరు నెలలు గడిపిన కుర్రవాడి దగ్గర ఆకురాయితో సాపు చేసిన ఇనుప ముక్కలు కొన్నయినా ఉండాలి. లేకపోతే ఆ సంస్థ అమ్ముతున్నది హాజరు మాత్రమే. గుర్తింపు ఉందో లేదో ఆన్‌లైన్ జాబితాలో చూసుకోవడం ఎలాగూ తప్పదు. ఒక ట్రేడుకు ఉన్న గుర్తింపు అదే సంస్థలోని మరో ట్రేడుకు ఉండకపోవచ్చు కనుక ట్రేడు పేరుతో సహా సరిచూసుకోవాలి.

అప్రెంటిస్‌షిప్

మన జిల్లాలలో అన్నింటికంటే తక్కువమంది వాడుకుంటున్న మార్గం ఇదే, బహుశా అన్నింటికంటే ఎక్కువగా అపార్థానికి గురవుతున్నదీ ఇదే. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం 30 లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలు అప్రెంటిసులను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. తీసుకోవలసిన సంఖ్య మొత్తం సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు ఉంటుంది. అంటే 200 మంది పనిచేసే కర్మాగారం కనీసం ఐదుగురిని తీసుకోవాలి, ముప్ఫై మంది దాకా తీసుకోవచ్చు. రాయగడ పక్కన జేకేపూర్ కాగితపు మిల్లు, దామన్‌జోడిలోని నాల్కో (అల్యూమినియం), సునాబెడలోని హెచ్ఏఎల్ (విమాన ఇంజన్లు), ఛత్రపురం దగ్గరి ఐఆర్ఈఎల్ (ఇసుక ఖనిజాలు) వంటి పెద్ద సంస్థలు ఈ జిల్లాలలోనే ఉన్నాయి. సరిహద్దు దాటితే విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డు, నౌకాదళ డాక్‌యార్డు అప్రెంటిస్ పాఠశాల ఉన్నాయి.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. 2019లో సవరించిన నిబంధనలు కనీస స్టైపెండును ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివినవారికి నెలకు 5,000, పదో తరగతి ఉత్తీర్ణులకు 6,000, ఇంటర్మీడియట్ లేదా ఐటీఐ ఉన్నవారికి 7,000, డిప్లొమా వారికి 8,000, పట్టభద్రులకు 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. రెండో ఏడాది పది శాతం పెంచాలి. ఇవి ఆ నిబంధనలలోని కనీస మొత్తాలు. సంస్థ ఇంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో పావు వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఆ భాగం ఇప్పుడు నేరుగా అప్రెంటిస్ ఖాతాలోనే పడుతుంది. అంటే ఈ పథకం కింద 7,000 స్టైపెండు ఉన్నవారికి యజమాని నుంచి 5,500, కేంద్రం నుంచి 1,500 విడివిడిగా వస్తాయి. యజమాని ఇచ్చినదే మొత్తమనుకొని రెండోదాన్ని అడగనివారు, రెండోది రాకపోతే యజమానినే తప్పుపట్టేవారు ఇద్దరూ కనిపిస్తారు. డిప్లొమా, డిగ్రీ చదివినవారికి ‘న్యాట్స్’ అనే వేరు పథకం ఉంది. అందులో కనీస స్టైపెండులో సగం కేంద్రం ఇస్తుంది.

ఇక అపార్థాల సంగతి. అప్రెంటిస్ చట్టం దృష్టిలో కార్మికుడు కాడు, శిక్షణార్థి. కాబట్టి పీఎఫ్, బోనసు వంటివి ఆశించకూడదు. శిక్షణ తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత కూడా యజమానికి లేదు. పనిలో గాయమైతే మాత్రం కార్మికుడికి వర్తించే పరిహారమే అప్రెంటిస్‌కూ వర్తిస్తుంది. ‘ఉద్యోగం గ్యారంటీ లేనప్పుడు ఏడాది పాటు ఏడు వేలకు చాకిరీ ఎందుకు?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఐటీఐ చేసి బయటకు వచ్చినవాడు ఒక్క కర్మాగారం గేటు కూడా దాటి ఉండడు. ఏడాది తర్వాత అతనికి పెద్ద యంత్రాల పక్కన నిలబడిన అనుభవం, పరీక్ష నెగ్గితే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఉంటాయి. రైల్వే సంస్థలలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవారికి రైల్వే లెవెల్-1 (అన్నింటికంటే కింది స్థాయి) నియామకాలలో 20 శాతం పోస్టులు కేటాయించి ఉన్నాయి. కాకపోతే లాభం రెండేళ్ల తర్వాత కనిపించేది కనుక, ఇప్పుడే ఇంటికి పదివేలు పంపవలసినవాడికి ఈ వాదన రుచించదు. అతణ్ణి తప్పుపట్టలేం.

జాగ్రత్త పడవలసిన చోటు కూడా ఇదే. నాకు తెలిసిన ఒక కుర్రవాడు ‘ట్రైనీ’ అన్న మాట నమ్మి పొరుగు రాష్ట్రంలోని ఒక చిన్న కర్మాగారంలో పద్నాలుగు నెలలు పనిచేశాడు. చివర కాగితం అడిగితే సంస్థ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసిచ్చారు. అప్రెంటిస్‌షిప్ అనేది ఒప్పందంతో మొదలవుతుంది. ఆ ఒప్పందం అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదై, దానికొక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య లేకపోతే అది అప్రెంటిస్‌షిప్ కాదు, తక్కువ జీతపు కూలిపని. మొదటి నెలలోనే ఒప్పందం ప్రతి అడిగి తీసుకోవాలి. సైను చేసిన తర్వాత మధ్యలో మానేస్తే పరిహారం కట్టమనే షరతు అందులో ఉండవచ్చు కాబట్టి ఆ భాగాన్ని చదివి సైను చేయాలి.

ఊరు కూడా లెక్కలోకి రావాలి. విశాఖపట్నంలో గది పంచుకొని, వండుకొని తిన్నా ఏడు వేలలో మిగిలేది చాలా తక్కువ. అదే స్టైపెండుతో ఇంటి నుంచి వెళ్లి వచ్చే దూరంలో ఉన్న సంస్థలో చేరితే ఇంటికి కొంత ఇవ్వవచ్చు. పెద్ద నగరంలోని పెద్ద సంస్థ పేరుకు విలువ ఉంది గాని, ఆ విలువ కోసం ఇంటి నుంచి నెలనెలా డబ్బు పంపించవలసి వస్తే ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి.

2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని చాలామంది దీనితో కలిపేస్తారు. మొదలైనప్పుడు అది 21–24 ఏళ్లవారికి, పెద్ద కంపెనీలలో ఏడాది పాటు, నెలకు 5,000 రూపాయల సాయంతో ఏర్పరచినది. అందులో చేతిపని నేర్చుకోవడం కంటే కంపెనీ వాతావరణానికి అలవాటు పడడం ఎక్కువ. వెల్డరుకు, ఫిట్టరుకు అప్రెంటిస్‌షిప్పే తగినది.

స్వల్పకాలిక ఉచిత కోర్సులు

ఆరు నెలలే ఆగగల ఇంటికి ఇవి పనికివస్తాయి. 2014 సెప్టెంబరు 25న మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన గ్రామీణ పేద యువతకోసం ఏర్పడింది. ఒడిశాలో దీనిని ‘ఓర్మాస్’ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అమలు చేస్తుంది. వసతి, భోజనం, శిక్షణ ఉచితం. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్నది శిక్షణ సంస్థ మీద ఉన్న షరతు. ఉద్యోగంలో చేరిన తర్వాత దూరాన్ని బట్టి 2 నుంచి 6 నెలల వరకు నెలకు 1,000 రూపాయల సాయం ఉంటుంది. 2015 జూలై 15న మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో నివాస వసతి, ఉద్యోగ బాధ్యత ఈ స్థాయిలో ఉండవు. రెండూ అందుబాటులో ఉన్న గ్రామీణ కుటుంబం మొదటిదానినే ఎంచుకోవడం మంచిది.

ఉద్యోగం ‘చూపించడం’ అంటే ఎక్కడ చూపిస్తారన్నది అసలు ప్రశ్న. ఒడిశా యువతను తమిళనాడు, కర్ణాటకలలోని బట్టల కర్మాగారాలకు, ఇతర పరిశ్రమలకు పంపడం సాధారణం. ఇంటికి వేయి కిలోమీటర్ల దూరంలో, హాస్టలు అద్దె, తిండి ఖర్చు కోసుకొని ఇచ్చే జీతంతో కొడుకో కూతురో నిలదొక్కుకోగలరా అన్నది శిక్షణలో చేరక ముందే మాట్లాడుకోవాలి. కేంద్రానికి వెళ్లి, కిందటి బ్యాచిలో చేరినవారెందరు, ఏ ఊరిలో ఏ జీతానికి చేరారు, వారిలో ఆరు నెలల తర్వాత అక్కడే ఎందరున్నారు అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే మొదటి రెండింటి నిజాన్ని తేలుస్తుంది. వెళ్లివచ్చిన పిల్లల ఫోను నంబర్లు ఇవ్వడానికి సంకోచించే కేంద్రం గురించి మరొకసారి ఆలోచించాలి.

కూతుళ్ల విషయంలో ఒక మాట. దూరం పంపడం ఇష్టం లేదని పూర్తిగా మానిపించే ఇళ్లు చాలా ఉన్నాయి. వారికి దగ్గరి ప్రభుత్వ ఐటీఐలో ఏడాది ట్రేడు, లేదా పదిహేనేళ్లు నిండి చదువు మధ్యలో ఆగినవారిని తీసుకునే జన్ శిక్షణ్ సంస్థాన్ కోర్సులు మధ్యేమార్గం కాగలవు. కుట్టుపనే ఎందుకు, ఎలక్ట్రీషియన్ ఎందుకు కాకూడదు అని కూడా ఆ ఇంట్లో ఎవరైనా అడిగితే బాగుంటుంది.

ఇప్పటికే చేతిలో పని ఉన్నవారు, సొంతంగా పెట్టుకోవాలనుకునేవారు

పదేళ్లుగా తాపీపని చేస్తున్నవాడు మూడు నెలల తాపీ కోర్సులో కూర్చోవడంలో అర్థం లేదు. అటువంటివారికి రెండు దారులున్నాయి. ఒకటి, ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్. ఇది కౌశల్ వికాస్ యోజనలోని భాగమే. రెండోది 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, తాపీమేస్త్రి, మంగలి, చాకలి, దర్జీ, బుట్టలు చాపలు అల్లేవారు, చేపల వలలు నేసేవారు మొదలైన 18 వృత్తులవారికి ఇది వర్తిస్తుంది. రోజుకు 500 రూపాయలతో ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, ముందు లక్ష, అది తీర్చిన తర్వాత రెండు లక్షల అప్పు 5 శాతం వడ్డీకి ఇస్తారు. కుటుంబానికి ఒక్కరే అర్హులు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే వర్తించదు. కామన్ సర్వీస్ సెంటరులో నమోదు చేస్తారు, పంచాయతీ లేదా పురపాలక స్థాయిలో మొదటి పరిశీలన జరుగుతుంది. ఈ పద్దెనిమిదింటిలో చేనేత లేదు. బరంపురం పట్టు నేసేవారు దీనికోసం క్యూలో నిలబడి నిరాశ పడే కంటే చేనేత శాఖ పథకాలను అడగడం మంచిది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ కూడా ఈ జాబితాలో లేరు.

సొంతంగా కొత్త పని పెట్టుకోవాలనుకునేవారికి బ్యాంకులు జిల్లాకొకటిగా నడిపే ఆర్‌సెటి తగినది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన సంస్థను చూసి దేశమంతటా వీటిని నెలకొల్పారు. సెల్‌ఫోన్ల మరమ్మతు, మోటారుసైకిల్ మరమ్మతు, మేకల పెంపకం, పుట్టగొడుగులు, కుట్టుపని వంటివి నేర్పుతారు. శిక్షణ కాలం తక్కువ. చేతిపని పూర్తిగా వచ్చేస్తుందని ఆశించవద్దు. ఆ తర్వాత రెండేళ్ల వరకు వెన్నంటి ఉండి, బ్యాంకు అప్పుకు దారి చూపించడంలోనే దీని విలువ ఉంది. అప్పు మంజూరు చేసేది మాత్రం బ్యాంకు మేనేజరే. ఇంట్లో పాత బకాయి ఉంటే ముందు దానిని తేల్చుకొని వెళ్లాలి. పని బాగా వచ్చి పెట్టుబడి లేనివాడికి ఆర్‌సెటి, పెట్టుబడి ఉండి పని రానివాడికి ఐటీఐ అని నేను చెబుతుంటాను. జనం సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు.

ఇటువైపా, అటువైపా?

పర్లాకిమిడి వీధిలో నాలుగడుగులు వేస్తే పాతపట్నం వస్తుంది. గుణుపురం నుంచి రైలెక్కితే విశాఖపట్నం దిగవచ్చు. అయినా ఐటీఐ ప్రవేశం వరకు సొంత రాష్ట్రమే మేలు. స్థానికత, ఫీజు రాయితీ, కులపరమైన కేటాయింపు అన్నీ రాష్ట్రంతో ముడిపడినవి. అప్రెంటిస్‌షిప్‌కు వచ్చేసరికి ఆ గోడ చాలావరకు పలచబడుతుంది. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఎక్కడిదైనా చెల్లుతుంది. అందుచేత శిక్షణ ఒడిశాలో, అప్రెంటిస్‌షిప్ అవకాశం ఎక్కడ వస్తే అక్కడ అన్నది సరిహద్దు కుటుంబానికి నప్పే ఏర్పాటు. ఇప్పటికే తెలుగు మాధ్యమంలో చదివి, ఒడియా అక్షరాలు కూడబలుక్కుని చదివే స్థాయిలో ఉండి, బంధువుల ఇల్లు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న పిల్లవాడికి మాత్రం అక్కడి ప్రైవేటు ఐటీఐ అయినా సరే తక్కువ నష్టం కావచ్చు.

కాగితాల దగ్గర ఆగిపోయేవి

తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియావారు చివర రాస్తారు. ఇందువల్ల ఒకే కుర్రవాడి పేరు మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒక వరుసలో, ఆధార్‌లో మరొక వరుసలో, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి మూడో రకంగా ఉండడం మన జిల్లాలలో నిత్యం చూసేదే. మనిషి చూసి ‘ఒకడేలే’ అని వదిలేసేవాడు, కంప్యూటరు వదలదు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఉన్న వరుసనే ప్రమాణంగా తీసుకొని, మిగతావాటిని దానికి సరిపోయేలా దరఖాస్తుల కాలానికి రెండు మూడు నెలల ముందే దిద్దించుకోవాలి. పెళ్లయి సరిహద్దు దాటి వచ్చిన కోడళ్లయితే నివాస ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ చిరునామా ఒకటే ఉండేలా చూసుకోవాలి.

బ్యాంకు ఖాతా విషయంలో మరొక మెలిక ఉంది. ఆధార్ సంఖ్య ఖాతాకు జతచేయడం, ప్రభుత్వ నగదు ఏ ఖాతాలో పడాలో ఆధార్‌కు అనుసంధించడం రెండు వేరు వేరు పనులు. ఒకటికి మించి ఖాతాలున్నవారికి డబ్బు చివరగా అనుసంధించిన ఖాతాలోకి వెళ్తుంది. స్టైపెండులో కేంద్రం భాగం రాలేదని నాలుగు నెలలు తిరిగిన కుర్రవాడి డబ్బు, బడిలో చదివే రోజుల్లో తెరిచి మరచిపోయిన ఖాతాలో పడుతూ ఉన్న సందర్భాలున్నాయి. చేరిన వారంలోనే బ్యాంకుకు వెళ్లి, నగదు బదిలీకి ఈ ఖాతానే అనుసంధించమని రాతపూర్వకంగా అడిగి, రసీదు దాచుకోవాలి.